సముద్రం మూసివేత?

సందేహాలమ్మకు వేరే పేరుంది. అది ఆఫీసు రిజిస్టరులోనూ కరెంటు బిల్లు మీదా తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ఆమె పనిచేసే కంపెనీ ఒక పెద్ద భవనంలో రెండో అంతస్తంతా ఆక్రమించుకుని ఉండేది. అక్కడ నలభై మంది నలభై కంప్యూటర్ల ముందు కూర్చుని, జనం సోషల్ మీడియాలో పెట్టే బ్రేకింగ్ న్యూస్ పోస్టులు చదివి, అవి మామూలు వార్తలా, మనిషిని మభ్యపెట్టడానికి రాసినవా అని తేల్చేవారు. తెర పక్కన మూడు బటన్లున్న చిన్న పెట్టె ఉండేది. మామూలు, మభ్య, తేలలేదు. ఒక్కో పోస్టుకు తొంభై సెకన్లు గడువు. ఒకే పోస్టు విడివిడిగా ముగ్గురికి వెళ్తుంది. ఇద్దరు ఒకటి నొక్కి మూడోవారు ఇంకోటి నొక్కితే, ఆ మూడోవారి పేరు పక్కన ఎర్రచుక్క పడుతుంది.

సందేహాలమ్మ పేరు పక్కన తట్టు పోసినట్టు ఎర్రచుక్కలే.

ఆమె తెలివితక్కువదేం కాదు. అటూ ఇటూ ఆలోచించడమే ఆమెకొచ్చిన చిక్కు. "బ్రేకింగ్! పాత మార్కెట్లో పొగ" అని ఒక పోస్టు వస్తే, పొగ నిజంగానే ఉందేమో అనుకునేది. ఉంటే రాసినవాడు భయపడి రాసి ఉంటాడు, భయపడినవాడు ఇంకొకణ్ని భయపెడితే అది మభ్యపెట్టడం కిందకి వస్తుందా రాదా అనుకునేది. ఇంతలో పెట్టె టింగుమనేది. ఆమె ఉలిక్కిపడి తేలలేదు నొక్కేసేది.

ఒకరోజు సూపర్‌వైజర్ ఆమెను తన గాజుగదిలోకి పిలిచాడు. ఈ నెలలో తక్కిన ముప్పై తొమ్మిది మంది కలిసి ఎన్నిసార్లు తేలలేదు నొక్కారో, ఆమె ఒక్కతే అంతకంటే ఎక్కువ నొక్కిందన్నాడు. ఆమె పెట్టె మీద ఆ అక్షరాలు అరిగిపోయాయన్నాడు. వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే ఆమె పెట్టెలోంచి ఆ బటన్ పీకించేస్తానన్నాడు. అతను చెడ్డవాడు కాదు. రెండువందల పేజీల నిబంధనల పుస్తకం ఎప్పుడూ చంకలో ఉండేది, మాట్లాడేటప్పుడు చంటిబిడ్డను జోకొట్టినట్టు దాన్ని తట్టుకుంటూ ఉండేవాడు, అంతే.

వారంలో రెండు రోజులు ఇంటినుంచి పనిచేసుకోవచ్చు. సందేహాలమ్మ ఇల్లు రెండు గదుల ఫ్లాటు. అమ్మ పోయినప్పుడు రెండు రోజులుండి వెళ్తానని వచ్చిన పెద్దమ్మ ఆరేళ్ళుగా ఆమెతోనే ఉంటోంది.

పెద్దమ్మ గురించి చెప్పాలంటే, ఆవిడ జన్మలో ఎవర్నీ ఏదీ అడిగి ఎరగదు. అయినా ఆవిడ అనుకున్నది జరగకుండా పోయింది లేదు. ఒకసారి ఇంటికి ఆకుపచ్చ రంగు వేయిద్దామని అందరూ అనుకుంటే, "వేయించండి, బావుంటుంది. నా కళ్ళు ఇంకెన్నాళ్ళు చూస్తాయి గనక" అంది. గోడలకు తెల్లరంగు పడింది. దూరపు ఊరికి బదిలీ అయిందని ఆవిడ తమ్ముడు సంతోషంగా చెప్పినప్పుడు ఒక్క మాట కూడా అనలేదు. కంచం ముందునుంచి సగంలో లేచి చెయ్యి కడుక్కుంది. వారం తిరక్కుండా తమ్ముడు బదిలీ రద్దు చేయించుకున్నాడు. అది తన సొంత నిర్ణయమని ఇవాళ్టికీ నమ్ముతున్నాడు.

ఒక మంగళవారం పొద్దున సందేహాలమ్మ తెర ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటోంది. వెనక కుర్చీలో పెద్దమ్మ ఊలుతో ఏదో అల్లుకుంటోంది. తెర మీద ఇలా ఉంది: "బ్రేకింగ్! మన తాగునీటిలో ఏం కలుస్తోంది? అధికారులు నోరు మెదపడం లేదు. నిజమో కాదో నాకు తెలియదు, నాకొచ్చింది పంపుతున్నాను. పిల్లలున్నవాళ్ళు మీరే ఆలోచించుకోండి."

"వీడికి ఏదో కావాలి," అంది పెద్దమ్మ, సూదుల మీంచి చూపు ఎత్తి.

"ఎవరికి?"

"అది రాసినవాడికి. నిజమో కాదో తెలియదన్నాడు చూడు, అక్కడ దొరికిపోయాడు. తెలియనివాడు నోరు మూసుకుని ఊరుకోవాలా వద్దా? మీరే ఆలోచించుకోండి అంటే, నేను అనుకున్నట్టే ఆలోచించండి అని. మీ పెదనాన్నతో ముప్పై ఏళ్ళు నేను అన్నమాట అదే."

సందేహాలమ్మ మభ్య నొక్కింది. ఎర్రచుక్క పడలేదు.

తర్వాతి పోస్టు: "బ్రేకింగ్! రైల్వే గేటు దగ్గర లారీ బోల్తా. బళ్ళు ఆగిపోయాయి. పాత వంతెన మీదుగా వెళ్ళండి." నిబంధనల పుస్తకం ప్రకారం బ్రేకింగ్ అన్నందుకు రెండు మార్కులు, ఎవరు చెప్పారో రాయనందుకు మూడు, చదివేవాణ్ని ఫలానా పని చెయ్యమన్నందుకు నాలుగు. మొత్తం తొమ్మిది. ఏడు దాటితే మభ్య. సందేహాలమ్మ వేలు ఆ బటన్ మీదికి వెళ్ళింది.

"వీడికి మననుంచి ఏమీ అక్కర్లేదే," అంది పెద్దమ్మ. "చెప్పాడు, తన దారిన పోయాడు. ఇలాంటివాళ్ళు మన ఇంటావంటా లేరు గానీ, బయట అక్కడక్కడా ఉంటారు."

ఆమె మామూలు నొక్కింది. అదీ సరిపోయింది. సాయంత్రం పై అంతస్తు ఆయన రైల్వే గేటు దగ్గర రెండు గంటలు ఇరుక్కుపోయి, చెమటలు కక్కుకుంటూ ఇల్లు చేరాడు.

అప్పట్నించి ఇంటినుంచి పనిచేసే రోజుల్లో పెద్దమ్మ కుర్చీ తెర దగ్గరికి జరిగింది. ఆఫీసుకు వెళ్ళే రోజుల్లో, సందేహాలమ్మ ఒక్కో పోస్టూ చదివి, ఇదే మాట పెద్దమ్మ అంటే నేనేం చేసేదాన్ని అని తనను తాను అడిగేది. చేతిలో పని వదిలేసి లేచేదాన్ని అనిపిస్తే మభ్య. అనిపించకపోతే మామూలు. రెండు వారాల్లో ఒక్క ఎర్రచుక్క పడలేదు. మూడో వారం సూపర్‌వైజర్‌కు అనుమానం వచ్చింది. ఎంత బుద్ధిమంతులైనా ఇంత నిలువునా మారిపోరనీ, పక్కవాళ్ళ జవాబులు ఈమెకు ఎక్కడినుంచో తెలుస్తున్నాయనీ తీర్మానించుకుని, గురువారం పదకొండింటికి పుస్తకం చంకన పెట్టుకుని ఇంటికే వచ్చాడు.

పెద్దమ్మ మంచినీళ్ళిచ్చి కూర్చోమంది. అతను విచారణ ఫారం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"రాసుకో నాయనా, నీ పని నువ్వు చూసుకో," అంది పెద్దమ్మ. "ఆ బీరువా కిటికీకి అడ్డం లేకపోతే నీకు కాగితం మీద కాస్త వెలుతురు పడేది. జరుపుదామంటే, ఇంట్లో ఉన్నది ఇద్దరం ఆడవాళ్ళం. నాలుగేళ్ళుగా అలాగే ఉంది, అలవాటైపోయింది. నువ్వు చిన్నవాడివి, నీ కళ్ళు తట్టుకుంటాయిలే."

అతను మొదటి ప్రశ్న అడిగాడు. రెండో ప్రశ్న దగ్గర కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు. మూడో ప్రశ్న అడగకుండానే లేచి, చొక్కా చేతులు పైకి మడిచి బీరువాకు భుజం ఆనించాడు. అది పాతకాలపు ఇనపబీరువా, నిండా బట్టలు. దాన్ని పక్క గోడదాకా జరిపేసరికి అతని ముఖం కందగడ్డలా అయింది. చూస్తున్న సందేహాలమ్మకు ఇక దాచబుద్ధి కాలేదు. పోస్టులు తేలుస్తున్నది పెద్దమ్మేనని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

సూపర్‌వైజర్ పుస్తకం ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ తిరగేశాడు. అందులో స్నేహితుల గురించీ, జీవిత భాగస్వాముల గురించీ ఉంది గానీ పెద్దమ్మల గురించి ఎక్కడా లేదు. చివరికి, ఏది మభ్యో ఏది కాదో ఆవిడకు ఎలా తెలుస్తుందని అడిగాడు.

"అందులో తెలియడానికేముంది నాయనా. ఇప్పుడు నువ్వు బీరువా ఎందుకు జరిపావు?"

"వెలుతురు లేదని. నాకే అనిపించింది."

"చూశావా మరి," అంది పెద్దమ్మ.

అతను చాలాసేపు బీరువా వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఫారం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. సోమవారం పెద్దమ్మను ప్రత్యేక సలహాదారుగా నియమించినట్టు ఉత్తర్వు వచ్చింది.

ఆఫీసులో ఆవిడకు మెత్తటి కుర్చీ వేశారు, మూడు బటన్ల పెట్టె ఇచ్చారు, ఒక స్మార్ట్‌ఫోను కూడా ఇచ్చారు. రోజూ పొద్దున గంటసేపు నలభై మందికీ పాఠం చెప్పేది. వాళ్ళు కుదురుగా కూర్చుని రాసుకునేవారు. "నేను చెప్పానని చెప్పకండి" అంటే నలుగురికీ చెప్పమని. "మీ మంచి కోరి" అంటే తన మంచి కోరి. వాక్యం చివర ప్రశ్నగుర్తు పెడితే, తప్పు బయటపడ్డ రోజున నేను అడిగానే గానీ అనలేదు అని తప్పించుకోవడానికి. నిట్టూర్పుల మీద రెండు రోజులు విడిగా చెప్పింది. పొట్టి నిట్టూర్పు పక్కగదిలోకి వినిపించడానికనీ, పొడుగుది మనిషి గడప దాటేటప్పుడు వాడేదనీ స్వయంగా చేసి చూపించింది. రెండోది వినగానే ముందు వరసలో ఒకాయన ఫోను తీసుకుని వాళ్ళమ్మకు కాల్ చెయ్యడానికి బయటికి పరుగెత్తాడు.

నెల రోజుల్లో ఆ ఆఫీసు తీర్పులకు తిరుగులేకుండా పోయింది. అయితే అక్కడ బతకడం కూడా కష్టమైపోయింది. ఎవరైనా తలనొప్పిగా ఉందంటే చాలు, చుట్టుపక్కల నలుగురూ ముఖాలు చూసుకుని మభ్య అనేవారు. క్యాంటీనామె పాలు విరిగిపోయాయంటే, ఈవిడకు మననుంచి ఏం కావాలి అని చర్చ పెట్టేవారు. పదవీ విరమణ చేస్తున్న మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. తొంభై సెకన్లు పూర్తికాకముందే నలభై మందీ అది ఏమిటో తేల్చేసి, ఎవరి సీట్లకు వాళ్ళు వెళ్ళిపోయారు.

సందేహాలమ్మ ఇంట్లోనూ అదే జరిగింది. ఇద్దరు చిన్ననాటి స్నేహితురాళ్ళతో కలిసి ఐదు రోజులు సముద్రం ఒడ్డున గడిపి రావాలని ఆమె టికెట్లు తీసుకుంది. ప్రయాణం పన్నెండో తారీఖున. ఆ మాట చెప్పిన సాయంత్రం పెద్దమ్మ, "వెళ్ళిరా అమ్మా. నాకేం ఫర్వాలేదు. పక్కింటివాళ్ళు ఉన్నారుగా, అరిస్తే వినిపిస్తుంది" అంది.

ఆరు నెలల క్రితమైతే సందేహాలమ్మ ఆ రాత్రే టికెట్లు రద్దు చేసేది. ఇప్పుడు ఆ వాక్యం, వెనక మూత తీసిన గడియారంలా పళ్ళూ చక్రాలూ అన్నీ తిరుగుతూ కనిపించింది ఆమెకు. అలాగేలే పెద్దమ్మా అని బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది. మర్నాడు పెద్దమ్మ పొట్టి నిట్టూర్పు ప్రయోగించింది. ఆ మర్నాడు కంచం ముందునుంచి సగంలో లేచింది. సందేహాలమ్మ ఆ కంచం తీసి మూతపెట్టి, ఆకలేసినప్పుడు తినమంది. పెద్దమ్మ ఆ కంచం వంకా ఆమె వంకా మార్చి మార్చి చూసింది. చేతి విద్యంతా ఊరికి పంచిపెట్టి, తాను ఖాళీ అయిపోయానని ఆవిడకు అప్పుడే తెలిసినట్టుంది.

ఎనిమిదో తారీఖున సందేహాలమ్మ ఆఫీసులో ఉండగా, వేగంగా వ్యాపిస్తున్న పోస్టు అని ఎర్ర అంచుతో ఒకటి తెర మీదికి వచ్చింది.

"బ్రేకింగ్! మరమ్మతుల కోసం సముద్రం మూసివేత? పన్నెండో తారీఖునుంచి ఐదు రోజులు ఉండదట. నిజమో కాదో నాకు తెలియదు. టికెట్లు కొనుక్కున్న ఆడపిల్లలు మీరే ఆలోచించుకోండి. నాకేం ఫర్వాలేదు. నేను చెప్పానని చెప్పకండి."

పెట్టినవారి పేరు మీ శ్రేయోభిలాషి. బొమ్మ స్థానంలో ఊలుబంతి. అప్పటికే పదకొండు వేల మంది దాన్ని పంచుకున్నారు.

సందేహాలమ్మ వేలు చాలా కాలం తర్వాత గాలిలో ఆగిపోయింది. అంత ఎక్కువగా వ్యాపించే పోస్టుల్ని ఇద్దరు ఉద్యోగులతో పాటు ప్రత్యేక సలహాదారు కూడా చూడాలని కొత్త నిబంధన. ఆమె తలెత్తి హాలు ఆ చివరికి చూసింది. పెద్దమ్మ కళ్ళద్దాలు సవరించుకుని తన తెర మీద అదే పోస్టు చదువుతోంది. ఎవరో రాసినదాన్ని చదువుతున్నంత శ్రద్ధగా, పెదాలు కదుపుతూ చదివింది. తర్వాత వేలు ముందుకు చాచి, ఏమాత్రం తడబడకుండా మభ్య నొక్కింది. పక్క సీటాయనా అదే నొక్కాడు. సందేహాలమ్మా నొక్కింది.

మధ్యాహ్నానికి తీరప్రాంత పర్యాటక కార్యాలయం వాళ్ళు, సముద్రం యథావిధిగా తెరిచే ఉంటుందని ప్రకటన ఇచ్చారు. ఆ ప్రకటనా ఈ ఆఫీసుకే తీర్పుకు వచ్చింది. ఎవరూ అడగకుండా ఎందుకు చెబుతున్నారని పట్టుకుని, ముగ్గురికి ముగ్గురూ మభ్య నొక్కారు. సాయంత్రం ఆ కార్యాలయం వాళ్ళు సముద్రానికి అసలు తలుపులే లేవని రెండో ప్రకటన ఇచ్చారు. తలుపుల ఊసు ఎవరెత్తారని అది ఇంకా ఘోరంగా పోయింది. రాత్రికి స్నేహితురాళ్ళిద్దరూ ఫోను చేసి, తాము రావడం లేదన్నారు. ఆ పోస్టు మా పెద్దమ్మే రాసిందని సందేహాలమ్మ మొత్తుకుంది. అయితే మీ పెద్దమ్మకు లోపలి సమాచారం ఎవరో చెప్పి ఉంటారే అని వాళ్ళు మరింత భయపడ్డారు.

ఇంట్లో ఆ రాత్రి ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. పొద్దున పెద్దమ్మ ఫోను మోగింది. ముగ్గురూ ఏకగ్రీవంగా మభ్య అని తేల్చిన పోస్టు రాసినవారికి కంపెనీ సంజాయిషీ ఫారం పంపుతుంది. నలభై ఎనిమిది గంటల్లో నింపకపోతే ఖాతా మూసేస్తారు. పెద్దమ్మ ఆ ఫోను తీసుకొచ్చి సందేహాలమ్మ కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"నువ్వే రాసి నువ్వే మభ్య అని నొక్కావు కదా పెద్దమ్మా," అంది సందేహాలమ్మ.

"నొక్కక చస్తానా? అంత పచ్చిగా ఉంటే మామూలని ఎలా అంటాను. నలభై మందికి పాఠం చెప్పినదాన్ని." ఆవిడ కుర్చీలో కూర్చుంది. "మొదటి మూడూ నింపాను. ఆ నాలుగోదే, ఏం రాయాలో తోచడం లేదే."

నాలుగో ప్రశ్న: ఈ పోస్టు చదివినవారు ఏం చెయ్యాలని మీరు కోరుకున్నారు?

"ఏం కావాలనుకున్నావో అది రాయి."

పెద్దమ్మ రాయడం మొదలుపెట్టింది. మొదట, అందరి క్షేమం కోరి అని రాసింది. తనే చదువుకుని, ఛీ అని చెరిపేసింది. పెద్దదాన్ని, నాకు కోరికలేముంటాయి అని రాసింది. అదీ చెరిపేసింది. గంట గడిచింది. సందేహాలమ్మకు ఆఫీసు టైము అయిపోతున్నా కదల్లేదు. పక్కన కూర్చుని, వేలు అక్షరాల మీద వెతుక్కోవడం చూస్తోంది. డెబ్భై ఏళ్ళ మనిషి మొదటిసారి ఈత నేర్చుకుంటున్నట్టు, ఆ వేలు ముందుకు పోతోంది, భయపడి వెనక్కి వస్తోంది. చివరికి ఆవిడ ఫోను ఇటు తిప్పి, ముఖం అటు తిప్పుకుంది.

తెర మీద మూడే మాటలున్నాయి. నన్నూ తీసుకెళ్తుందని అనుకున్నాను.

ఇన్ని రోజులుగా పెద్దమ్మ తనను ఆపాలని చూస్తోందనే సందేహాలమ్మ అనుకుంది. ఆ చక్రాలన్నీ విప్పి చూసింది గానీ, అవి ఏ వైపుకి తిరుగుతున్నాయో చూడలేదు.

"అడగొచ్చుగా పెద్దమ్మా."

"ఏమని అడగను. స్నేహితురాళ్ళతో వెళ్తున్నావు. ముసలిది ఎందుకని నువ్వు లోపల అనుకుంటే?"

"అనుకునేదాన్నే. అయినా తీసుకెళ్ళేదాన్ని."

పెద్దమ్మ ఆ జవాబును కాసేపు పరీక్షగా చూసింది. అందులో ఆవిడకు ఎక్కడా ఏమీ దొరకలేదు కాబోలు, ఫారం పంపించేసింది.

ఆ సంజాయిషీ మీద ఆఫీసులో పెద్ద చర్చే జరిగింది. నాలుగో ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ అంత చిన్న జవాబు ఇవ్వలేదు. దీనివెనక ఏదో ఉందని కొందరన్నారు. సూపర్‌వైజర్ దాన్ని పది సార్లు చదివి, పుస్తకం తెరిచి, మూసి, చివరికి తనే మామూలు నొక్కాడు. పెద్దమ్మకు ఐదు రోజులు సెలవు కూడా మంజూరు చేశాడు. సెలవు చీటీలో కారణం దగ్గర ఆవిడ, వెళ్ళాలని ఉంది అని రాసింది.

పన్నెండో తారీఖు పొద్దున రైల్లో జనం పలచగా ఉన్నారు. సముద్రం మూసేశారన్న సంగతి నమ్మినవాళ్ళంతా ఇళ్ళల్లోనే ఉండిపోయారు. అయినా వీళ్ళ వరసలో కిటికీ పక్కన ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. పెద్దమ్మ మధ్య సీట్లో కూర్చుంది. ఆయన్నీ కిటికీనీ చూసింది. మోకాలు రెండుసార్లు రుద్దుకుంది. ఇక నిట్టూర్పు వస్తుందని సందేహాలమ్మ ఊపిరి బిగపట్టింది. పెద్దమ్మ చెయ్యి మోకాలి మీంచి తీసేసి, గొంతు సవరించుకుంది.

"బాబూ, నాకు కిటికీ పక్కన కూర్చోవాలని ఉంది. నీ సీటు ఇస్తావా?"

ఆయన నవ్వుతూనే, తనకూ కిటికీ అంటే ఇష్టమనీ, అందుకే ముందుగా బుక్ చేసుకున్నాననీ, ఇవ్వలేననీ అన్నాడు.

పెద్దమ్మ నోరు తెరుచుకుని ఆయన్ని చూసింది. తర్వాత సందేహాలమ్మ వైపు వంగి, "ఇవ్వనన్నాడే," అంది మెల్లగా.

"ఒక్కోసారి ఇవ్వరు పెద్దమ్మా."

"అప్పుడేం చేస్తారు?"

"ఏమీ చెయ్యరు. ఊరుకుంటారు."

పెద్దమ్మ ఊరుకుంది. రెండు స్టేషన్లు దాటేదాకా అలాగే, ఇదేదో కొత్త ఊరన్నట్టు, ఆశ్చర్యంగా చుట్టూ చూస్తూ కూర్చుంది. మూడో స్టేషన్ దగ్గర ఆ పెద్దమనిషి టీ కోసం లేచాడు. మీకు కూడా తేనా అని అడిగాడు. పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించి, తెమ్మంది, చక్కెర కాస్త ఎక్కువ వెయ్యమంది.